ఆ పురుగులు ఎన్నున్నాయో ముందు చెప్పండి

వన్యప్రాణి వారోత్సవాల్లో తిరుపతి డిగ్రీ పిల్లలకు పెట్టిన ఒక చర్చాంశం గురించి విన్నాక ఇది రాయాలనిపించింది. ఎక్కడ పడితే అక్కడ కనిపించే రెక్కల పురుగు (రాత్రిళ్ళు దీపాల చుట్టూ తిరిగే మాత్) ఒక పక్క, అంతరించిపోతున్న కప్ప ఇంకో పక్క. చేతిలో డబ్బు ఒక్కదానికే సరిపోతుంది. దేనికి పెడతారు? మాట్లాడినవాళ్ళందరూ కప్పకే ఓటేశారు. చివర్లో ఒకమ్మాయి లేచి, "ఆ పురుగులు ఎన్నున్నాయో ముందు చెప్పండి సార్, అప్పుడు చెప్తాను" అందట. ఆ లెక్క చెప్పగలిగినవాళ్ళు అక్కడ ఎవరూ లేరు.

కప్పకు ఓటేసినవాళ్ళను తప్పు పట్టలేం. రేపు ఉంటుందో ఉండదో తెలియనిదాన్ని ముందు చూసుకోవడం న్యాయమే. అయితే పురుగుకేం, బోలెడున్నాయి అనే తీర్పు మాత్రం లెక్కపెట్టకుండా ఇచ్చింది. అరుదైనదాన్ని ఒక్కొక్కటిగా లెక్కపెడతాం, విస్తారంగా ఉన్నదాన్ని చూసీ చూడనట్టు వదిలేస్తాం. అది తరిగిపోతుంటే తెలుసుకునే దారి మనకు మిగలదు. కప్పకు పెట్టే ఖర్చులో పిసరంత పెట్టినా పురుగు లెక్క కూడా తీయొచ్చు. మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లాంటి చోట అది తీయకపోవడం పెద్ద లోటని నా వాదన.

తూకం ఎలా వేస్తారు

ఏ జీవి ఎంత ముప్పులో ఉందో చెప్పేది ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం) రెడ్ లిస్టు. అంతరించిపోతున్నవాటి వరసలోకి రావడానికి అందులో ఐదు దారులున్నాయి. మన చర్చకు అందులో రెండు చాలు.

మొదటిది విస్తీర్ణం. ఒక జీవి తిరిగే ప్రాంతమంతా కలిపి 5,000 చదరపు కిలోమీటర్ల లోపు ఉండాలి. దాంతోపాటు అది ఐదుకు మించని చోట్లకు పరిమితం కావడం లేదా ముక్కలు ముక్కలుగా విడిపోవడం, తరుగుదల ఆగకుండా సాగడం, సంఖ్య విపరీతంగా ఎగుడుదిగుళ్ళు కావడం అనే మూడింటిలో రెండు ఉండాలి. 2010లో ప్రకటించిన మన శేషాచలం బయోస్ఫియర్ రిజర్వు విస్తీర్ణం 4,755 చదరపు కిలోమీటర్లు. అంటే శేషాచలం కొండల్లో తప్ప ఇంకెక్కడా లేని కప్ప ఒకటి ఉంటే, అది ఎంత పుష్కలంగా ఉన్నా మొదటి మెట్టు ఎక్కేసినట్టే. ఒక లోయకో, ఒక వాగుకో అతుక్కుపోయి బతికే కప్పలకు ఈ కొలత బాగా సరిపోతుంది. 2023లో వెలువడిన ప్రపంచ అంచనాలో 8,011 జాతుల ఉభయచరాలను చూస్తే 40.7 శాతం ముప్పులో ఉన్నట్టు తేలింది. ఆ లెక్క తేలడానికి కారణం, దశాబ్దాలుగా కప్పల వెంట రాత్రిళ్ళు తిరిగిన మనుషులున్నారు.

రెండోది తరుగుదల. పదేళ్ళలో లేదా మూడు తరాల కాలంలో, రెండింటిలో ఏది ఎక్కువైతే అందులో, సంఖ్య సగానికి పడిపోవాలి. మూడు రాష్ట్రాల మెట్టచేలల్లో ఎగిరే పురుగుకు విస్తీర్ణం దారి మూసుకుపోయినట్టే కాబట్టి దానికి మిగిలేది ఈ తలుపు. కానీ సగానికి పడిపోయిందని చెప్పాలంటే పదేళ్ళ కిందట ఎన్నుండేవో ఎవరో ఒకరు రాసి పెట్టుండాలి. పేరు పెట్టిన రెక్కల పురుగుల జాతులే లక్షకు పైగా ఉన్నాయి. రెడ్ లిస్టు వాళ్ళు తరచి చూసినవి అందులో చాలా కొద్ది. మిగిలినవాటికి ముప్పు లేదని ఎవరూ తేల్చలేదు. తేల్చే పని ఇంకా మొదలుకాలేదు, అంతే.

ఒకే కొండల మీద రెండూ

ఆస్ట్రేలియా ఆగ్నేయ మూలన మంచు కొండలున్నాయి. ఈ చర్చకు అంతకంటే సరిపోయే చోటు నాకు తెలియదు. అక్కడ ఒక కప్పా ఉంది, ఒక రెక్కల పురుగూ ఉంది.

కప్ప పేరు కొరోబరీ. అంగుళానికి కాస్త అటూ ఇటూ ఉంటుంది, నల్లటి ఒంటి మీద నిగనిగలాడే పసుపు చారలు. దక్షిణపు జాతి కోజియస్కో పార్కులో తప్ప ఇంకెక్కడా లేదు. వేసవిలో మగకప్ప నాచులో చిన్న గూడు చేసుకుని పిలుస్తుంది. ఆడకప్ప ఆ గూట్లో పాతిక ముప్ఫై గుడ్లే పెడుతుంది. గుడ్డులో పిల్ల కొంత పెరిగి అక్కడే ఆగిపోతుంది. వానలొచ్చి గూడు మునిగాకే బయటికొస్తుంది. చలికాలమంతా మంచు కింద మడుగులో తోకకప్పగా గడిపి, మళ్ళీ వేసవికి కాళ్ళు తెచ్చుకుంటుంది. ఈడుకు రావడానికి నాలుగైదేళ్ళు. ఇంత నిదానంగా, ఇంత తక్కువ గుడ్లతో బతికేదాని మీద 1980ల ప్రాంతంలో కైట్రిడ్ అనే బూజు పడింది. కప్ప చర్మంతోనే నీళ్ళు తాగుతుంది, ఒంట్లో లవణాల్ని సర్దుకోవడంలోనూ చర్మానిదే పెద్ద పని. బూజు చర్మాన్ని చెడగొడితే లవణాలు తప్పి గుండె ఆగుతుంది. పైగా ఆ కొండల్లోనే ఉండే ఇంకో మామూలు చిన్న కప్ప ఆ బూజును మోస్తూ కూడా తట్టుకుంటుంది. దాంతో మడుగుల్లో బూజు ఎప్పటికీ పోదు. ఇప్పుడు కొరోబరీని జూలలో పెంచి, బూజు చేరకుండా కంచె కట్టిన చోట్లలో వదిలి నిలబెడుతున్నారు. ఇంత కష్టపడక తప్పదు. ఈ కప్ప విషయంలో పెట్టిన ప్రతి పైసా సరైనదే.

పురుగు పేరు బోగాంగ్. గోధుమ రంగు, చూడ్డానికి ఏ ప్రత్యేకతా లేదు. దిగువ మైదానాల్లోని నల్లరేగళ్ళలో దీని గొంగళి పెరుగుతుంది. లేత మొక్కను మొదలు దగ్గర కొరికి పడేసే జాతి, కాబట్టి అక్కడి రైతుకు శత్రువు. వసంతంలో రెక్కలొచ్చాక వెయ్యి కిలోమీటర్ల వరకు రాత్రిపూట ఎగిరి ఈ కొండలు చేరుతుంది. దారి పట్టుకోవడానికి భూ అయస్కాంత క్షేత్రాన్నీ, ఆకాశంలో నక్షత్రాల్నీ వాడుకుంటుందని 2018లో, 2025లో వచ్చిన పరిశోధనలు చూపించాయి. వేసవంతా రాతి నెర్రెల్లో ఒకదాని మీద ఒకటి పెంకుల్లా అతుక్కుని నిద్రపోతాయి, చదరపు మీటరుకు దాదాపు 17,000. చలికి ముందు మళ్ళీ మైదానానికి దిగి గుడ్లు పెడతాయి. 1988లో కాన్‌బెరాలో కొత్త పార్లమెంటు భవనం దీపాల మీద ఇవి ముసురుకున్నాయి. 2000 సిడ్నీ ఒలింపిక్స్ స్టేడియంలోనూ అంతే. వందల కోట్లు ఉంటాయని అంచనా వేసేవాళ్ళు.

2017 నుంచి మూడేళ్ళు కరువు పట్టింది. దిగువన గొంగళికి మేత లేదు. ఏటా చూసే గుహల్లోకి వెళితే గోడలు ఖాళీ. 99 శాతానికి పైగా తగ్గినట్టు లెక్క తేలింది. ఆ కొండల్లో పర్వత పిగ్మీ పోసమ్ అని బండరాళ్ళ సందుల్లో ఉండే చిన్న జంతువు ఉంది. చలినిద్ర లేచాక దానికి ఈ పురుగే ముఖ్యమైన తిండి. పురుగు రాని ఏడు తల్లులు బక్కచిక్కి, సంచిలోని పిల్లలు చనిపోయాయి. 2021 డిసెంబరులో బోగాంగ్‌ను రెడ్ లిస్టు అంతరించిపోతున్న జీవుల్లో చేర్చింది.

ఆ గుహల్లోకి 1980 దరిదాపుల నుంచీ ఏటా వెళ్ళి చూసినవాళ్ళున్నారు కాబట్టే ఇది బయటపడింది. రాతి నెర్రెల్లో నిద్రపోయే అలవాటు వల్ల దాన్ని ఒక్క చోట చూసి లెక్కపెట్టొచ్చు. చేలల్లో చెల్లాచెదురుగా ఉండే పురుగయ్యుంటే, ఈ ఏడు దీపాల దగ్గర తక్కువున్నాయే అనుకుని ఊరుకునేవాళ్ళం.

మన చెనక్కాయ చేను

మన దగ్గర దీనికి బాగా పోలిన పురుగు ఎర్ర గొంగళి. వేరుశనగ వేసిన రైతు ఎవరికీ కొత్తగా చెప్పాల్సిన పని లేదు. కాకపోతే చాలామంది గొంగళినే ఎరుగుదురు, తల్లిపురుగును గుర్తుపట్టరు. ముందు రెక్కలు తెలుపు, వాటి మీద గోధుమ చారలు, పై అంచు వెంబడి పసుపు గీత. వెనక రెక్కలు తెల్లగా ఉండి నల్ల మచ్చలుంటాయి. తొలకరికి మంచి వాన పడి నేల మెత్తబడ్డాక, పొద్దుగూకిన తర్వాత ఒక్కుమ్మడిగా నేలలోంచి వస్తుంది. ఒక్కో ఆడపురుగు ఆకుల అడుగున కుప్పలుగా వందల గుడ్లు పెడుతుంది. పిల్లలు మొదట గుంపుగా ఉండి ఆకు అడుగు పచ్చదనం గీకేస్తాయి, ఆకు తెల్లటి కాగితంలా కనిపిస్తుంది. పెద్దయ్యాక ఒక చేను ముగించి పక్క చేనికి దండుగా నడుస్తాయి. నెల పైన తిని, గెనిమల వెంబడి, చెట్ల నీడన నేలలోకి దిగి కోశస్థ దశలోకి పోతాయి. జాన లోతు లోపే ఉంటాయి. మళ్ళీ వచ్చే తొలకరి దాకా, దాదాపు పది నెలలు, అక్కడే.

అదే గెనిమ కింద ఇంకొకటి నిద్రపోతూ ఉంటుంది. నేలను తవ్వుకుని దాగే కప్ప. వెనక కాళ్ళ అడుగున పారలాంటి గట్టి బుడిపె ఉంటుంది, దాంతో వెనక్కి వెనక్కి తవ్వుకుంటూ మట్టిలోకి దిగిపోతుంది. పురుగును లేపిన వానే దీన్నీ లేపుతుంది. ఒకే రాత్రి, ఒకే పదును. పొద్దుగూకాక గుంటల్లో బోదురు కప్పలు పసుప్పచ్చగా మారి అరుస్తుంటే, పైన దీపాల చుట్టూ ఎర్ర గొంగళి తల్లులు తిరుగుతుంటాయి. తొలకరితో వినిపించే చాతక పక్షికి గొంగళి పురుగులంటే ప్రీతి. మిగతా పక్షులు చాలావరకు ఆ బొచ్చు చూసి జంకుతాయి.

మన చేల కప్పల్లో సాధారణంగా కనిపించేవి ఏవీ రెడ్ లిస్టులో ప్రమాద వరుసలో లేవు. అయినా బోదురు కప్ప చరిత్ర మరిచిపోకూడదు. కాళ్ళ మాంసం ఎగుమతి కోసం దాన్ని దేశమంతా పట్టి అమ్మారు. చేలల్లో పురుగు పెరుగుతోందన్న ఆందోళన కూడా తోడై 1987లో ఎగుమతి నిషేధించారు. అప్పుడు అది అరుదైన జీవి కాదు. ఎక్కడ చూసినా ఉన్నదే. విస్తారంగా ఉన్నప్పుడే చెయ్యి అడ్డం పెట్టిన మంచి ఉదాహరణ మన దేశంలోనే ఉంది.

ఇప్పుడు వేరుశనగ చేలు చాలావరకు మామిడి తోటలయ్యాయి, రోడ్డు పక్కవి ప్లాట్లయ్యాయి. గెనిమలు తీసేసి కయ్యలు కలిపేశారు. రాత్రంతా వెలిగే ఎల్ఈడీ దీపాలు ఊళ్ళు దాటి చేల మధ్యకొచ్చాయి. ఎర్ర గొంగళి మీద ఇవన్నీ కలిసి ఏం చేశాయని ఎవరినైనా అడిగితే రెండు జవాబులొస్తాయి. చెనక్కాయ ఇంకా వేసే ఊళ్ళో "మొన్న కూడా తినేసింది" అంటారు. మానేసిన ఊళ్ళో "ఇప్పుడెక్కడుందయ్యా" అంటారు. నష్టం చేసినంత కాలమే దాన్ని చూశాం, పంట మారగానే చూడడం మానేశాం.

ఎదురు వాదనల్లో బలమున్నవి

పంట తినే పురుగు తగ్గితే మంచిదేగా అని ఎవరైనా అంటే వాళ్ళ మాటను తీసిపారేయకూడదు. దండుగా నడిచే గొంగళి ఒక్క రాత్రిలో చేను మోడు చేస్తుంది. దాన్ని కాపాడమని ఏ రైతుకూ చెప్పను. వేసవి దుక్కి చేసి కోశాల్ని ఎండకూ పక్షులకూ వదలడం, తొలి వాన రాత్రుల్లో మంటలూ దీపపు ఎరలూ పెట్టడం, చేను చుట్టూ అడుగు లోతు గాడి తీసి దండును ఆపడం, గుడ్ల కుప్పలున్న ఆకుల్ని ఏరి నాశనం చేయడం, ఇవన్నీ సరైన పనులే. మందు కొట్టడం కంటే ఎంతో మేలు. నేను అడిగేది, చంపుతున్నవి ఎన్ని అన్నది రాయమని. అమెరికాలో రాకీ పర్వతాల మిడతలు 1870లలో ఆకాశాన్ని కమ్మేసేవి. వాటి గుడ్లుండే కొండలోయల్ని అక్కడివాళ్ళు దున్ని పంటలేశారు. బతికున్న మిడత చివరిసారి దొరికింది 1902లో. దాన్ని నాశనం చేయాలని ఆ లోయలు దున్నినవాళ్ళు ఎవరూ లేరు. అది పోయిందని పక్కాగా తెలియడానికే చాలా ఏళ్ళు పట్టింది.

ఇంకో వాదన దీనికంటే బలమైంది. పురుగుల సంఖ్య ఏటా పదింతలు పెరుగుతుంది, పదింతలు పడిపోతుంది, వాన తీరును బట్టి. రెండేళ్ళ లెక్కతో ఏం తేలుతుంది? నిజమే, ఏమీ తేలదు. బోగాంగ్ కూడా కరువు పోయి వానలు పడ్డాక కొంత కోలుకుంది. వందల గుడ్లు పెట్టే జీవికి ఆ వెసులుబాటు ఉంది, పాతిక గుడ్ల కప్పకు లేదు. అందుకే డబ్బు విషయంలో కప్పే ముందని ఒప్పుకుంటాను. కానీ ఎగుడుదిగుళ్ళు ఎక్కువగా ఉన్నదాన్ని తక్కువ కాలం చూస్తే అసలేమీ కనిపించదు కాబట్టి, మొదలు పెట్టాల్సింది కూడా దాని లెక్కే. కప్ప తగ్గిందా అన్నది కొన్నేళ్ళలో చెప్పొచ్చు. పురుగుకు పదేళ్ళు కావాలి. ఈ ఏడు మొదలు పెట్టకపోతే పదేళ్ళు ఇంకో ఏడు వెనక్కి జరుగుతాయి.

మూడో అనుమానం నాదే. రెండింటినీ ఒకే చోట లెక్కపెడితే కప్ప కోసం పనిచేసేవాళ్ళ శ్రద్ధ చెదిరిపోదా? ఒక కొండవాగు కప్ప మీద పనిచేస్తున్నవాళ్ళ విషయంలో ఇది నిజం, వాళ్ళను కదపకూడదు. మన చేల కప్పల విషయంలో మాత్రం పురుగు లెక్క అదనపు భారం కాదు. రెండూ ఒకే వానకు లేచేవే, పురుగు ఎంత వచ్చిందో తెలిస్తేనే కప్పకు మేత ఎంతుందో తెలుస్తుంది.

లెక్క ఎలా తీయాలి

ఉతికిన తెల్ల నూలు దుప్పటి, రెండు గుంజలు, ఒక తాడు. దుప్పటిని నిలువుగా కట్టి, కింది అంచు మూర పొడవు నేల మీద పరవాలి. చాలా పురుగులు ముందు నేల మీదే వాలుతాయి. దీపం అతినీల కిరణాలు ఇచ్చేదైతే మేలు, దాన్ని నేరుగా చూడకూడదు. ఏ దీపంతో మొదలు పెట్టారో ఏళ్ళ తరబడి అదే ఉండాలి. దీపం మార్చిన ఏడు సంఖ్య మారితే అది పురుగు మారడమా, దీపం మారడమా అన్నది ఎవరూ చెప్పలేరు. చాలామంది లెక్కలు ఇక్కడే చెడతాయి.

అమావాస్యకు అటూ ఇటూ ఐదు రోజులు మంచివి. వెన్నెల్లో దీపానికి వచ్చేవి తగ్గుతాయి. పొద్దుగూకిన అరగంటకు మొదలుపెట్టి రాత్రి పది దాకా, అరగంటకోసారి రెండు పక్కలా లెక్కపెట్టాలి. అన్ని జాతుల పేర్లూ తెలియాలన్న పట్టుదల వద్దు. సులువుగా గుర్తుపట్టే పది జాతుల్ని ఎంచుకుని, మిగిలినవాటిని గోరంతవి, వేలెడువి అని పరిమాణాన్ని బట్టి కలిపి రాసినా పనికొస్తుంది. తెలియనివాటికి రెక్కలు పూర్తిగా కనిపించేలా పైనుంచి ఫొటో, పక్కన ఒక రూపాయి బిళ్ళ. గాలి, వాన, ఉక్క ఎలా ఉన్నాయో ఒక్క మాట. దగ్గర్లో కొత్తగా వీధి దీపం పడితే తప్పకుండా రాయాలి. అయిపోయాక దీపం ఆపి, దుప్పటిని పొదల మీద మెల్లగా దులపాలి. అలాగే వదిలేస్తే తెల్లారేసరికి పసుల పోలిగాళ్ళూ గోరింకలూ దుప్పటి మీదున్నవన్నీ ఏరుకు తింటాయి.

కప్పలకు దీపం అక్కర్లేదు. వాన పడ్డ రాత్రి గుంట పక్కన నిలబడాలి. మన అడుగుల చప్పుడుకు ఆగిపోయినవి మళ్ళీ అరవడం మొదలయ్యే దాకా ఆగి, ఆ తర్వాత ఐదు నిమిషాలు వినాలి. అరుపులేమీ లేకపోతే సున్నా. ఒక్కొక్కటి విడిగా వినిపిస్తే ఒకటి. ఒకదాని మీద ఒకటి పడుతున్నా విడదీయగలిగితే రెండు. అంతా కలిసి హోరైపోతే మూడు. ఫోనులో రికార్డు చేసుకుంటే జాతులు తర్వాత తేల్చుకోవచ్చు. గుంటలో నీళ్ళు ఎన్నాళ్ళు నిలిచాయో తప్పనిసరిగా రాయాలి. నెల, నెలన్నర నిలవని గుంటలో ఎంత హోరు విన్నా పిల్లలు బయటపడవు. ఒక గుంట నుంచి ఇంకో గుంటకు పోయే ముందు బూట్లు కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. కైట్రిడ్ బూజు ఆనవాళ్ళు మన పశ్చిమ కనుమల కప్పల మీదా దొరికాయి, తడి బూట్లతో మోసుకుపోవడం చాలా తేలిక.

ఏమీ రాని రాత్రిని కూడా సున్నా వేసి రాయాలి. ఉత్సాహం మీద మొదలు పెట్టినవాళ్ళు బాగా వచ్చిన రాత్రులే రాస్తారు. నాలుగేళ్ళ తర్వాత ఆ పుస్తకం తెరిస్తే ప్రతి రాత్రీ పండగలాగే కనిపిస్తుంది, అందులోంచి ఏ తరుగుదలా బయటికి రాదు.

చేలో దీపపు ఎర పెట్టే రైతులకు ఇంకా తేలికైన దారి ఉంది. ఎర్ర గొంగళి తల్లులు ఎక్కువగా వచ్చేది తొలి మంచి వానల తర్వాత కొద్ది రాత్రులే. కాబట్టి ఎర పొద్దుగూకినప్పటి నుంచి పది, పదకొండు దాకా వెలిగిస్తే చాలు. రాత్రంతా, నెలలంతా వెలిగే సోలారు ఎర పంటకు మేలు చేసే పురుగుల్నీ తెచ్చి తొట్టిలో పడేస్తుంది. పొద్దున తొట్టిలో కిరోసిన్ నీళ్ళు వంపేశాక పడ్డ తల్లిపురుగుల్ని ఏరి, ఒక పాత గ్లాసు నిండా ఎన్ని పడతాయో మొదటిసారి లెక్కపెట్టుకోవాలి. తర్వాత నుంచి ఎన్ని గ్లాసులో కొలిచి, తేదీ, ముందు రోజు వాన పడిందా లేదా, పక్క చేలో ఏం పంట ఉందో రాసి, అప్పుడు పాతిపెట్టొచ్చు.